కోయంబత్తూరు జీడీ కారు ప్రదర్శనశాల – సామాన్యుని కారు కథ

తమిళనాడులోని కోయంబత్తూరు నగరంలో, అవినాశి రోడ్డు మీద జీడీ కారు ప్రదర్శనశాల ఉన్నది. జి.డి. నాయుడు ధర్మసంస్థ ఆధ్వర్యంలో 2015లో ఇది ప్రారంభమయింది. పాతకాలపు కార్ల ప్రదర్శనలు సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రమే జరుగుతాయి. యజమానులు తమ కార్లను ఊరేగింపుగా తెచ్చి, ప్రదర్శన ముగియగానే తీసుకొనిపోతారు. ఈ ప్రదర్శనశాల శాశ్వతమైనది. కారు అనే యంత్రం ఎట్లా పుట్టి, ఎట్లా పెరిగి, సామాన్యుని గుమ్మం ముందుకు ఎట్లా వచ్చిందో ఇక్కడ వరుసగా గ్రహించవచ్చు.

ఎవరీ నాయుడు?

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాలుగా తమిళసీమలో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. ఆయనకు బడి చదువు అంతగా అబ్బలేదు. ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న మోటారు సైకిలు ఆయనను ఆకర్షించింది. దానిని కొనడానికి కోయంబత్తూరులోని ఒక హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టారు. కొన్న తరువాత భాగాలన్నీ విప్పి, తిరిగి బిగించి, యంత్ర రహస్యం తెలుసుకొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఒక బస్సు నడపడంతో ఆయన వ్యాపారం మొదలయింది. 1937లో దేశీయ విద్యుత్ మోటారు నిర్మాణంలో పాలుపంచుకొన్నారు. 1974 జనవరి 4న మరణించారు.

మూడు చక్రాల బండి

ప్రదర్శనలోని బెంజ్ మోటారు బండి నమూనా వద్ద సందర్శకుడు తప్పక నిలవాలి. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న దీని మీద హక్కుపత్రానికి దరఖాస్తు చేశారు. దీనికి మూడు చక్రాలు, ఒకే ఒక సిలిండరు. 1888లో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఈ తరహా బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం చేశారు. పెట్రోలు బంకులు లేని కాలమది. దారిలో ఒక మందుల దుకాణంలో ఇంధనం కొన్నారు. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టేవానిచేత తోలు వేయించారు. కారు దూరప్రయాణానికి పనికివస్తుందని లోకానికి నిరూపించినది ఆమె.

ధర తగ్గిన రహస్యం

తరువాత గమనింపదగినది ఫోర్డ్ మోడల్ టి. 1908లో దీని ధర 850 డాలర్లు. 1913లో హెన్రీ ఫోర్డ్ కర్మాగారంలో కదిలే వరుస పద్ధతి ప్రవేశపెట్టారు. పనివాడు కారు వద్దకు పోకుండా, కారే పనివాని వద్దకు వచ్చే ఏర్పాటు ఇది. పన్నెండున్నర గంటలు పట్టే కూర్పు సుమారు 93 నిమిషాలకు తగ్గింది. 1925 నాటికి ధర 260 డాలర్లకు దిగివచ్చింది. 1927 వరకు దాదాపు 1.5 కోట్ల కార్లు తయారయ్యాయి. వెనుక ఇంజను, గాలితో చల్లబడే ఏర్పాటు గల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003 వరకు 2.1 కోట్లకు పైగా తయారై ఆ సంఖ్యను మించిపోయింది.

రోడ్డెక్కని కారు

ఈ కార్లను చూచిన వారికి ఒక ప్రశ్న తోచక మానదు. సామాన్యునికి అందే కారును మన దేశంలో ఎవరూ తలపెట్టలేదా? తలపెట్టిన వారు ఈ ప్రదర్శనశాలకు పేరిచ్చిన నాయుడుగారే. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును సుమారు 2,000 రూపాయల ధరకు రూపొందించారు. అయితే 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం ఇటువంటి పరిశ్రమకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. నాయుడుగారికి ఆ లైసెన్సు లభించలేదు. కారు ఉత్పత్తి ఆగిపోయింది. కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగినది 1993లో. లక్ష రూపాయల కారుగా ప్రసిద్ధి పొందిన టాటా నానో 2009లో విపణికి వచ్చి, 2018లో నిలిచిపోయింది.

యంత్రం విప్పి చూడగల చేతులు ఉంటే చాలదు, తయారైన దానిని రోడ్డు మీదికి పంపగల వ్యవస్థ కూడా ఉండాలి. నాయుడుగారి కారు కథలోని పాఠం ఇదే. విద్యార్థులను ఇక్కడకు తీసుకొనివచ్చే ఉపాధ్యాయులు కార్ల అందంతోపాటు ఈ కథను కూడా చెప్పడం అవసరం.

2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఆయన కారుకు దక్కని దారి, ఆయన పేరుకు దక్కింది.