ఇసుక నుంచి క్యూఆర్ కోడు దాకా

ఫోనులో లెక్కలు నేర్పే కాలం వచ్చిందని మనలో కొందరికి సంతోషం, కొందరికి భయం. దీనికి మన చెన్నపట్నంలోనే ఒక పాత కథ ఉంది.

1789లో ఎగ్మూరు మగపిల్లల అనాథాశ్రమం బాధ్యత ఆండ్రూ బెల్ అనే పాదిరి తీసుకున్నాడు. ఒక నాటు బడిలో పిల్లలు ఇసుక మీద వేలితో రాయడం చూసి, తన బడిలోనూ ఇసుక పరిచాడు. తెలిసిన పిల్లవాడి చేత తెలియనివాడికి చెప్పించాడు. 1797లో లండనులో పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరు. మన తిన్నె బడిలో చట్టాంపిళ్ళ చేసిన పని కూడా ఇదే కదా!

ఇప్పటికి వద్దాం. 2018లో తమిళనాడు కొత్త పాఠపుస్తకాల్లో క్యూఆర్ కోడులు వచ్చాయి. 2019లో కల్వి టీవీ మొదలైంది. 2020లో బళ్ళు మూసినప్పుడు లెక్కల పాఠం టీవీలోనే నడిచింది. టీవీ బాగానే చెబుతుంది. తీసివేతలో పిల్లవాడు ఎక్కడ తప్పాడో దానికి కనబడదు. 2021లో ఇల్లం తేడి కల్వి వచ్చింది. వాలంటీర్లు సాయంత్రం ఇళ్ళ దగ్గరే పిల్లలను కూర్చోబెట్టి నేర్పారు. మళ్ళీ పక్కన మనిషి కావలసి వచ్చాడు.

మేము తమిళంలో చదివినవాళ్ళం. వాయ్‌పాడు నోటికి వస్తుంది, తెలుగు ఎక్కం రాదు. మన పిల్లలకు రెండూ రావాలి. ఆదివారం సంఘం హాలులో ఇద్దరికి ఒక ఫోను, ఒక పలక ఇద్దాం. పెద్దపిల్ల పాఠం చూపించి తెలుగులో చెప్పాలి, చిన్నవాడు పలక మీద చేయాలి. మనం పక్కనే కూర్చుందాం. ఎవరెవరు వస్తారో చెప్పండి.