తండ్రిని చేసేది రక్తమా, ఒప్పుకోలా?

1899లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అప్పటి మనదేశపు ఆఖరి అప్పీలు కోర్టు, రెండు తెలుగు వ్యాజ్యాల మీద తీర్పు చెప్పింది. ఒకటి పిఠాపురం సంస్థానానిది. రాజావారు ఒక పిల్లవాణ్ణి దత్తత చేసుకున్నారు. ఆ తర్వాత, 1885లో, కొడుకు పుట్టాడు. రాజావారు విల్లు రాసి సంస్థానాన్ని ఆ కొడుక్కే కట్టబెట్టారు. దత్తుడు కోర్టుకెక్కాడు. పంపకానికి లొంగని జమీందారీని యజమాని తన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చని కౌన్సిల్ తేల్చడంతో ఓడిపోయాడు. రెండోది బలుసు వారి వ్యాజ్యం. ఒక్కగానొక్క కొడుకును మరో ఇంటికి దత్తతకిస్తే చెల్లుతుందా అన్నది అందులో ప్రశ్న. అలాంటి బిడ్డను ఇవ్వనూ కూడదు, పుచ్చుకోనూ కూడదు అంటుంది వసిష్ఠ స్మృతి. అది హితవే తప్ప కట్టడి కాదని, జరిగిపోయిన దత్తత చెల్లుతుందని కౌన్సిల్ అంది. ఒక ఇంట దత్తుడి కంటే కన్నబిడ్డే ఎక్కువయ్యాడు. మరో ఇంటివారు ఉన్న ఒక్క బిడ్డనూ వేరే వంశానికి అప్పగించారు. రక్తసంబంధమే తండ్రిని చేస్తుందని, తరతరాల సంప్రదాయం అదేనని ఇవాళ గట్టిగా నమ్మేవాళ్లు ఈ రెండో ఇంటిని మరిచిపోతున్నారు. మన చరిత్రలో తండ్రితనం చాలావరకు పదిమంది ఎదుట ఒప్పుకోవడం వల్ల ఏర్పడింది. పుట్టుక అందుకు ఒక దారి మాత్రమే.

ధర్మశాస్త్రాల్లోనే దీనికి ఆధారం ఉంది. మనువు, యాజ్ఞవల్క్యుడు పన్నెండు రకాల కొడుకులను లెక్కపెట్టారు. తన భార్యకు తనవల్ల పుట్టిన ఔరసుడు వారిలో ఒకడు. కన్నవాళ్లు ఇచ్చిన దత్తుడు, కన్నవాళ్లు వదిలేస్తే చేరదీసిన అపవిద్ధుడు, తనంత తానే వచ్చి కొడుకునవుతానన్న స్వయందత్తుడు కూడా ఆ వరుసలో ఉన్నారు. పెళ్లినాటికే వధువు కడుపులో ఉన్న బిడ్డను సహోఢుడన్నారు. ఆ బిడ్డకు తండ్రి ఆమెను పెళ్లాడినవాడే. ముందువాడు లేకపోతే తర్వాతివాడు పిండం పెట్టి ఆస్తి అందుకుంటాడన్నాడు యాజ్ఞవల్క్యుడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అంటే ఇదంతా తెలుగులో చదువుకోగలిగిన విషయమే. కలియుగంలో ఔరసుడు, దత్తుడు తప్ప మిగతావారు చెల్లరని, ధర్మశాస్త్రాలను క్రోడీకరించిన తర్వాతి నిబంధనకారులు తలుపులు మూసేశారు. కాబట్టి ఇవాళ మనం సనాతనమనుకునే ఇరుకు నిజానికి తర్వాత వచ్చింది. మొదట ఉన్నది అంతకంటే విశాలమైన లెక్క.

రాజ్యాల చరిత్రా ఇదే చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఆయన కూతురు రుద్రమకు పట్టం కట్టాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. ఆమెకూ కొడుకులు లేకపోతే కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని వారసుణ్ణి చేసింది. కూతురి కొడుకును దత్తు చేసుకోరాదని తర్వాతి కాలంలో కాశీలో నందపండితుడు దత్తకమీమాంసలో రాశాడు. దక్షిణాదివారు మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. కూతురి కొడుకునో, అక్కచెల్లెళ్ల కొడుకునో తెచ్చుకునే ఆచారం ఇక్కడి బ్రాహ్మణుల్లో ఉందని, అది చెల్లుతుందని 1880ల్లో మద్రాసు హైకోర్టు కూడా అంగీకరించింది.

ఇదంతా రాజులకూ జమీందార్లకూ చెందిన గొడవ, సేద్యం చేసుకునేవాడికి దీనితో ఏం పని అని అడగవచ్చు. దీనికి జవాబు ఇల్లటం. కొడుకులు లేని రెడ్డి, కమ్మ రైతు కూతురిని కట్టబెట్టి అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకునేవాడు. పొలం పనిలో సాయపడినందుకు ఆస్తిలో కొడుకు వాటా ఇస్తానని మాట ఇచ్చేవాడు. ఇందులో హోమం లేదు, గోత్రం మారేది లేదు. అల్లుడికి తన పుట్టింటి ఆస్తిలో హక్కూ పోదు. ఈ ఆచారాన్ని 1881లో మద్రాసు హైకోర్టు గుర్తించింది. తర్వాత మామకు కొడుకు పుట్టినా ఇల్లటపుటల్లుడికి ఆ కొడుకుతో సమానంగా వాటా వచ్చేది. దత్తుడి వాటాతో పోల్చితే దీని విలువ తెలుస్తుంది. దత్తత తర్వాత ఔరసుడు పుడితే మద్రాసు ప్రెసిడెన్సీలో ద్విజుల ఇళ్లలో దత్తుడికి దక్కేది ఆస్తిలో ఐదోవంతే. శూద్రులుగా లెక్కించిన కులాల్లో మాత్రం ఇద్దరికీ సమభాగం. శాస్త్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో రక్తానికి విలువ ఎక్కువ కట్టారు. మట్టికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కలిసి చేసిన కష్టానికీ ఇచ్చిన మాటకూ కట్టారు.

ఇదంతా ఆస్తి కోసం, పిండం కోసం జరిగిన ఏర్పాటే కదా, ఇందులో బిడ్డ మీద మమకారం ఎక్కడుంది అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. అందులో నిజం ఉంది. 1868లో రామనాథపురం వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు చూడండి. భర్త అనుమతి లేకపోయినా, అతని సపిండుల, అంటే దగ్గరి దాయాదుల, సమ్మతి ఉంటే విధవ దత్తత చేసుకోవచ్చంది. దాంతో చనిపోయినవాడు కూడా తండ్రి కాగలిగాడు. అక్కడ తండ్రి కోరిక ఊసే లేదు, వంశం కోరికే ఉంది. పున్నామ నరకం భయం, తద్దినం పెట్టేవాడు లేడన్న దిగులు మగవాణ్ణి బతికున్నంతకాలం వెంటాడేవి. ఆ దిగులు భారమంతా ఆడదాని మీద పడేది. పిల్లలు పుట్టకపోతే గొడ్రాలని ఆమెనే అన్నారు, ఆమె మీదికే సవతిని తెచ్చారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1949 దాకా చట్టం దానికి అడ్డు చెప్పలేదు. లోపం తనదేమోనని మగవాడు పైకి అనుకునే వీలే లేని సమాజం అది. అలాంటిచోట, ఎవరి లోపమో తేల్చకుండానే, మరో ఆడపిల్ల గొంతు కోయకుండానే తండ్రి కావడానికి దత్తత దారి చూపింది. ఇక మమకారం సంగతి. మనకు మిగిలిన కాగితాలు తగువుపడ్డ ఇళ్లవి. తగువుపడకుండా బిడ్డను పెంచి పెద్దచేసిన తండ్రులకు కోర్టుతో పనిలేదు. తీర్పుల్లో ప్రేమ కనబడలేదు గనుక ఇళ్లలోనూ లేదనడం తర్కం కాదు.

ఈ వాదానికి అసలు పరీక్ష మారుతండ్రి. ఎవరి బిడ్డనైనా తెచ్చుకోగలిగిన సమాజం భార్య వెంట వచ్చిన బిడ్డను ఎందుకు సొంతం చేసుకోలేకపోయింది? 1856 వితంతు పునర్వివాహ చట్టం విధవ మళ్లీ పెళ్లాడడాన్ని ఒప్పుకుంది కానీ, మొదటి భర్త ఆస్తి మీద ఆమె హక్కును తీసేసింది. పిల్లలకు వేరే సంరక్షకుణ్ణి పెట్టమని అతని బంధువులు కోర్టును అడిగే వీలు కల్పించింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో సంస్కర్త వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహంలో వధువు బాలవితంతువు. సంస్కర్తలు ఎక్కువగా పోరాడింది అలాంటి పిల్లల కోసమే కనుక, బిడ్డతల్లికి మళ్లీ పెళ్లయితే ఆ బిడ్డ ఎవరివాడన్న ప్రశ్న వెనకబడింది. ఇక్కడా అడ్డుపడింది రక్తం కాదు. తమ రక్తాన్ని మరో ఇంటికి దత్తతకిచ్చినవాళ్లే, తల్లి వెంట వెళ్లే బిడ్డను మాత్రం వదలలేదు. దత్తతలో ఇచ్చేదీ పుచ్చుకునేదీ మగవాళ్ల సమ్మతితో సాగే పని. తల్లి తన బిడ్డను తనతో తీసుకుపోవడం మగవాళ్ల చేతిలో లేని పని. సహోఢుణ్ణి లెక్కలోంచి తీసేసిన చెయ్యే ఇదీ చేసింది. మరోవైపు, సంతానం లేని వీరేశలింగం తన ఆస్తిని తాను స్థాపించిన హితకారిణీ సమాజానికి రాసిచ్చి, వారసుడు లేనిదే మగవాడికి గతి లేదన్న నమ్మకాన్ని ఆచరణలోనే కాదన్నాడు.

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టంతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. ఆడపిల్లనూ దత్తత చేసుకోవచ్చు. భార్య ఒప్పుకోనిదే భర్త దత్తత చెల్లదు. ఐదోవంతు లెక్కలు పోయి దత్తసంతానానికి కన్నబిడ్డతో సమానమైన హక్కు వచ్చింది. అయినా కొడుకున్నవాడు మరో కొడుకును దత్తు చేసుకోరాదన్న నియమంలో పాత వారసత్వపు లెక్క ఇంకా మిగిలే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం, దాని కింద వచ్చిన దత్తత నిబంధనలు ఇంకో అడుగు వేసి, ఇల్లు ఉన్నవాడికి బిడ్డ కావాలి అన్నదాని కంటే బిడ్డకు ఇల్లు కావాలి అన్నదానికి పెద్దపీట వేశాయి. మారుతండ్రి తన భార్య బిడ్డను చట్టప్రకారం దత్తత చేసుకునే దారీ చూపాయి. అనాథ బిడ్డను తెచ్చుకోవడానికో, భార్య మొదటి పెళ్లి బిడ్డను తనవాడనుకోవడానికో వెనకాడుతూ మన సంప్రదాయంలో ఇది లేదనేవారికి చరిత్ర సాక్ష్యం చెప్పదు. సంప్రదాయంలో ఉన్నది ఒప్పుకోలే. లేనివి బిడ్డ మేలు, తల్లి మాట. ఆ రెండూ కలిస్తే పాత ఆచారానికి వచ్చే నష్టం ఏమీ లేదు. దాని లోటే తీరుతుంది.