కూల్ కేకు: సీమలో చల్లదనం కోసం ఆగిన తీపి

కర్నూలు, కడప బేకరీల్లో కూల్ కేక్ అని పిలిచే దానిలో మూడు భాగాలుంటాయి: మెత్తటి స్పాంజి, నురగలా గిలక్కొట్టిన క్రీము, పండ్ల ముక్కలు. స్పాంజి ముందు వచ్చింది. క్రీము మాత్రం చాలా కాలం ఆగాల్సి వచ్చింది. దాన్ని ఆపింది ఎండ.

జపాన్‌లోనూ ఇదే వరస. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా నాగసాకి చేరిన గుడ్ల కేకును అక్కడివారు కస్తెరా అన్నారు. అందులో వెన్న, క్రీము ఉండవు కనుక కొన్నాళ్లు నిలవ ఉండేది. స్పాంజి పొరల మధ్య క్రీము, స్ట్రాబెర్రీలు పెట్టిన కేకును ఫుజియా సంస్థ 1922లో అమ్మకానికి తెచ్చింది. అది ఇంటింటి క్రిస్మస్ కేకు అయింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరువాత, ఫ్రిజ్‌లు వాడుకలోకి వచ్చాకే.

మన దక్షిణాదిన 1883లో కేరళలోని తలశ్శేరిలో బేకరీ యజమాని మాంబళ్లి బాపు కేకు కాల్చారు. హాసన్ నుంచి వచ్చిన అయ్యంగార్ సోదరులు 1898లో బెంగళూరులో బేకరీ మొదలుపెట్టారు. ఆ తరహా దుకాణాలు తరువాత రాయలసీమ పట్టణాలకూ పాకాయి. బెంగళూరు అయ్యంగార్ బేకరీ అన్న బోర్డు ఇప్పుడు ఇక్కడ కొత్త కాదు.

జొన్న, కొర్ర, సజ్జ పండే ఈ నేలకు మైదా బయటి సరుకు. పాలకు కొదవ లేకున్నా, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో మీగడ నిలవదు. అందుకే సీమ ఇళ్లలో మీగడ వెన్నయింది, వెన్న నెయ్యయింది. పండగ తీపి కూడా రెండు మూడు రోజులు చెడని ఓళిగే. పాల క్రీము నురగ కట్టాలంటే సుమారు 10 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. కరెంటు, ఫ్రిజ్, అద్దాల కూలింగ్ కౌంటరు వచ్చేదాకా అది కుదరలేదు. 1945లో అమెరికాలో రాబర్ట్ రిచ్ సోయాబీన్ నుంచి తయారుచేసిన క్రీము మరో దారి తెరిచింది. పాల క్రీము కన్నా గట్టిగా నిలిచే ఇలాంటి వెజిటబుల్ క్రీమునే నేటి బేకరీలు ఎక్కువగా వాడుతున్నాయి.

తయారీ వరస సులువుగానే కనిపిస్తుంది. మాస్టర్ చల్లారిన స్పాంజిని తిరిగే పీట మీద పెట్టి, పొడుగాటి రంపపు కత్తితో అడ్డంగా మూడు పొరలుగా కోస్తాడు. ఒక్కో పొర మీద చక్కెర పాకం చిలకరిస్తాడు. అది తక్కువైతే కేకు పొడిబారుతుంది, ఎక్కువైతే కుంగుతుంది. ఆపైన క్రీము పూసి, పైనాపిల్ ముక్కలు పరిచి, తరువాతి పొర కప్పుతాడు. చివరికి పీట తిప్పుతూ పట్టీ కత్తితో చుట్టూ నునుపు చేస్తాడు.

పండ్లకు సీమలో కరువు లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి పాత కర్నూలు జిల్లాది. రైల్వే కోడూరు మామిడికి, బొప్పాయికి పేరుపడింది. బేకరీల్లో వాడే రంగురంగుల టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలే. కేకు నెత్తిన మెరిసే ఎర్ర చెర్రీ కూడా చాలాచోట్ల చెర్రీ కాదు. గింజ తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. జపాన్ కేకు మీద స్ట్రాబెర్రీ కూర్చున్న చోట, ఇక్కడ మెట్టనేల ముళ్లపొద కాయ కూర్చుంది.