చెన్నపట్నం చర్చిల గోడలు

గుడి అయినా, మసీదు అయినా, చర్చి అయినా, కట్టినవాళ్లు ఎలా బతికారో తెలియాలంటే గోడలు చూడాలి. మన చెన్నపట్నంలోని మూడు చర్చిలు ఇందుకు సాక్ష్యం.

మొదటిది సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్. గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ హయాంలో 1678లో పునాది వేశారు. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు కంపెనీది కాదు, కోటలోని ఇంగ్లీషువాళ్లు వేసుకున్న చందాలు. గోడలు నాలుగడుగుల మందం. పైకప్పును దూలాలు లేకుండా, రెండడుగుల మందాన కమానుగా కట్టారు, ఫిరంగి గుండు పడినా ఆగాలని. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినా కట్టడం నిలిచింది. పరాయి తీరాన భయం భయంగా బతికిన కొద్దిమంది వర్తకుల కట్టడం అది.

నూట నలభై ఏళ్ల తర్వాత, 1821లో, ఎగ్మూరులో స్కాట్‌లండువాళ్లు ప్రారంభించిన సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఆ భయం కనిపించదు. గుండ్రని విశాలమైన మందిరం, పైన గుమ్మటం, ఎత్తయిన శిఖరం. అప్పటికి పెత్తనం వాళ్ల చేతికి వచ్చేసింది. నమూనా మాత్రం లండన్ నుంచి తెచ్చుకున్నా, మెత్తటి నేలలో పునాదికి ఈ దేశపు పద్ధతే దిక్కయింది. ఇటుక బావులు దించి వాటిమీద కట్టారు.

మూడోది ఆర్మీనియన్ వీధిలోది, 1772 నాటిది. ఆర్మీనియన్లకు ఇక్కడ సైన్యం లేదు, రాజ్యం లేదు, ఉన్నది వ్యాపారమే. గంటల గోపురం చర్చికి అంటకుండా విడిగా ఉంటుంది. ఆవరణలో సమాధి రాళ్లు, వాటిమీద వాళ్ల లిపి. ఇక్కడి మతగురువు హరూత్యూన్ ష్మావొన్యన్ 1794లో 'అజ్‌దరార్' అనే పత్రిక ప్రారంభించాడు. ప్రపంచంలోనే ఆర్మీనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక అది. పుట్టింది వాళ్ల జన్మభూమిలో కాదు, మన ఊళ్లో. 1796లో ఆగిపోయింది. ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది.

నేడు నగరంలో చెప్పుకోదగ్గ ఆర్మీనియన్ సమాజం లేదు. చర్చి బాగోగులు కలకత్తాలోని వాళ్ల సంఘం చూస్తోంది. లిపి ఉంది, చదివేవాళ్లు లేరు.

తమిళనాట ఉంటూ తెలుగు పత్రిక చదువుకునే మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. భవనానికి చందాలు వసూలవుతాయి. భాషకు వారసులు కావాలంటే, ఆ భవనంలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పని కూడా మనమే చేయాలి.