ఫోన్‌లో మొదలైన చికిత్స

మెంఫిస్‌లో వెబ్ అనే డాక్టరు మార్ఫిన్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఆ మందే చీటీ రాసి ఇచ్చేవారు. 1919లో ఆయన కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. అలవాటును నిలబెట్టడానికి రాసే చీటీ వైద్యం కిందికి రాదని కోర్టు తేల్చింది. ఆయనపై కేసు నడిచిన 1914 నాటి హారిసన్ చట్టం పైకి చూస్తే పన్నుల చట్టమే. ఈ తీర్పు తరవాత అదే డాక్టర్ల చేతులు కట్టేసింది.

అదే ఏడాది లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో విల్లిస్ బట్లర్ అనే డాక్టరు క్లినిక్ తెరిచి, వ్యసనపరులకు లెక్కప్రకారం మార్ఫిన్ ఇచ్చారు. ఊరి పెద్దలు ఆయనకు అండగా నిలిచారు. అయినా ఫెడరల్ అధికారుల ఒత్తిడికి 1923లో క్లినిక్ మూతపడింది. వ్యసనపరులకు మిగిలినవి దొంగ బజారు, జైలు. 1935లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ప్రభుత్వం ఒక ఆసుపత్రి కట్టింది. అందులో సగం జైలే.

1960ల్లో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ మెథడోన్ అనే మందుతో కొత్త దారి తెరిచారు. రోజుకోసారి తాగితే చాలు, తపన తగ్గేది, మనిషి పనికి వెళ్లగలిగేవాడు. కానీ ప్రభుత్వం ఆ మందును ప్రత్యేక లైసెన్సు ఉన్న క్లినిక్‌లకే పరిమితం చేసింది. చాలామంది రోజూ వెళ్లి, నర్సు ఎదుటే తాగి రావాల్సి వచ్చేది. పల్లెల్లో ఉండేవాళ్లకు ఆ క్లినిక్ ఎన్నో మైళ్ల దూరం. ఉద్యోగం నిలబెట్టుకోవడానికే మందు, ఆ మందు కోసం ఉద్యోగం పోగొట్టుకోవాల్సిన స్థితి!

2002లో అనుమతి పొందిన బుప్రెనార్ఫిన్ ఈ దూరాన్ని తగ్గించాల్సింది. నాలుక కింద పెట్టుకునే ఈ మందును ఇంట్లోనే వాడుకోవచ్చు. అయితే దాన్ని రాయాలంటే డాక్టరు 8 గంటల శిక్షణ పొంది, ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి ఉండేది. మొదట్లో 30 మందికి మించి చూడనిచ్చేవారు కాదు. ఇంతమందిని వ్యసనంలోకి దించిన నొప్పి మాత్రలు రాయడానికి అలాంటి హద్దు ఉండేది కాదు. ఇది క్షమించరాని అన్యాయం.

ఇంకో అడ్డంకి దుఃఖం నుంచి పుట్టింది. కాలిఫోర్నియాకు చెందిన 18 ఏళ్ల ర్యాన్ హైట్ ఇంటర్నెట్‌లో కొన్న నొప్పి మాత్రలతో 2001లో చనిపోయాడు. అతని పేరుతో 2008లో వచ్చిన చట్టం, నియంత్రిత మందులు రాసే ముందు డాక్టరు రోగిని ఒక్కసారైనా ఎదురుగా చూడాలంది. దాని ఉద్దేశం న్యాయమైనదే. కానీ ప్రాణం కాపాడే బుప్రెనార్ఫిన్ కూడా అదే నిబంధన కిందికి వచ్చింది. ఎదురుగా చూడకుండానే మందు రాసే టెలిమెడిసిన్ డాక్టర్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టవచ్చని ఆ చట్టంలోనే ఉంది. దాని నియమాలను ఏడాదిలో తేవాలని 2018లో అమెరికా కాంగ్రెస్ గడువు పెట్టింది. గడువు దాటినా నియమాలు రాలేదు.

తలుపు తెరిచింది కోవిడ్. 2020 మార్చి చివర్లో, రోగిని నేరుగా చూడకపోయినా, వీడియో లేకపోయినా, ఫోన్‌లో మాట్లాడి బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టడానికి అనుమతి వచ్చింది. ఫోన్ చాలన్న ఆ వెసులుబాటే అసలైన మేలు. జైలు నుంచి నిన్ననే బయటికి వచ్చినవాడికి, తలదాచుకునే చోటు లేనివాడికి స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ ఎక్కడివి? ఏప్రిల్‌లో రోడ్ ఐలాండ్‌లో 24 గంటల హాట్‌లైన్ మొదలైంది. కాల్ చేసిన మనిషితో డాక్టరు మాట్లాడి, తగినదనిపిస్తే దగ్గరి మందుల షాపుకు చీటీ పంపేవారు.

ఆ రోజుల్లో ఈ సాయం ఎంత అవసరమో లెక్కలే చెబుతాయి: 2021లో ఒక్క ఏడాదే మార్ఫిన్ జాతి మందులైన ఓపియాయిడ్‌లతో 80,000 మందికి పైగా అమెరికాలో చనిపోయారు. టెలిహెల్త్ ద్వారా చికిత్స పొందిన మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగులు మందును ఎక్కువకాలం కొనసాగించారని 2022లో వచ్చిన అధ్యయనం చూపింది. వైద్య సాయం అవసరమైన ఓవర్‌డోస్‌లూ వారిలో తక్కువే.

2022 డిసెంబరులో బుప్రెనార్ఫిన్ రాయడానికి కావలసిన ప్రత్యేక అనుమతి రద్దయింది. ఎదురుగా చూడకుండానే ఫోన్‌లో ఆరు నెలల వరకు మందు రాయవచ్చన్న నియమం 2025 జనవరిలో వెలువడింది, దాని అమలు తేదీ మాత్రం వాయిదా పడింది. మెథడోన్ విషయంలో 2024 నియమాలు తొలి పరీక్షను వీడియోలో చేయనిస్తున్నాయి. మందు మాత్రం ఆ ప్రత్యేక క్లినిక్‌ల ద్వారానే అందాలి.