దుర్మరణం తప్పించే బొమ్మ

గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చు కావడానికి ముప్ఫై ఏళ్ల ముందే దక్షిణ జర్మనీలో పునీతుల బొమ్మలు కాగితం మీద అచ్చయ్యేవి. వాటిలో 1423 అని తేదీ వేసిన పునీత క్రిస్టఫర్ బొమ్మ ఒకటి ఇప్పటికీ ఉంది. బుక్స్‌హైమ్ మఠంలోని ఒక రాతప్రతి అట్ట లోపల అంటించి ఉండగా 18వ శతాబ్దంలో దొరికింది. గోడలకు అతికించుకున్నవి లెక్కలేనన్ని చిరిగి, పొగచూరి పోయాయి. పుస్తకంలో దాగినందుకు ఇది మిగిలింది. ఇప్పుడు మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది.

ఏరు దాటిస్తున్న క్రిస్టఫర్, భుజాల మీద బాలయేసు. అడుగడుగుకూ బిడ్డ బరువెక్కిపోయాడని కథ. ఆ బరువెందుకో బిడ్డ చేతిలోని శిలువ గోళం చెప్పేస్తుంది, అది లోకం. క్రిస్టఫర్ ఊతకర్ర పైకొస ఆకులు తొడిగింది, అది మహిమకు గుర్తు. కుడి గట్టున లాంతరు పట్టుకున్న సన్యాసి. ఎడమ గట్టున నీటిమర, గాడిదతో అటు పోతున్న మనిషి. ఒక ఒడ్డున ప్రార్థన, ఇంకో ఒడ్డున పొట్టకూటి పాట్లు. సన్యాసి కాళ్ల కింద బొరియలో కుందేలును కూడా మరవని ఆ పేరు తెలియని పనివాడంటే నాకు ఎంతో గౌరవం.

గీత మిగిలేలా చుట్టూ చెక్కను తొలిచి, దిమ్మకు సిరా పూసి కాగితం అద్దారు. కింది లాటిన్ పంక్తులనూ అదే దిమ్మలో తిరగేసి చెక్కారు. రంగులు తర్వాత చేత్తో వేశారు. ఆ పంక్తుల సారాంశం: క్రిస్టఫర్ ముఖం చూసినవాడికి ఆ రోజు దుర్మరణం ఉండదు. పాపాలు ఒప్పుకోకుండా, గురువు చేతి కడసారి అభ్యంగనం అందకుండా వచ్చే చావు అన్నమాట. 1348 నాటి మహమ్మారి తర్వాత ప్లేగు మళ్లీ మళ్లీ వచ్చిన నేల అది. పొద్దున్నే ఒక్కసారి చూస్తే చాలు, రక్ష. 

1498లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ బైబిల్‌లోని ‘ప్రకటన గ్రంథం’ బొమ్మలు పదిహేను అచ్చు వేసేనాటికి చెక్క అచ్చు కళ ఎంతో ముదిరింది. వాటిలో ఒకదాంట్లో నలుగురు గుర్రపు రౌతుల చేతుల్లో విల్లు, కత్తి, త్రాసు, త్రిశూలం. చూసేవాడికి ఆ బొమ్మల్లో దొరికేది అభయం కాదు, హెచ్చరిక. క్రిస్టఫర్ బొమ్మ చూస్తే చావు తప్పుతుందన్న నమ్మకాన్ని 1511లో అచ్చయిన తన పుస్తకంలో పండితుడు ఎరాస్మస్ ఎగతాళి చేశాడు. 1969లో రోమన్ కతోలిక సార్వత్రిక పంచాంగంలోంచి క్రిస్టఫర్ పండుగను తీసేశారు. అయినా ప్రయాణికులు ఆయన బిళ్లలను కార్లలో పెట్టుకుంటూనే ఉన్నారు.