పెలే దారిలో పుట్టిన దీవులు

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి బారుగా ఉంటాయి. అక్కడివాళ్ళు తరతరాలుగా ఓ కథ చెప్పుకుంటారు. అగ్నిదేవత పెలే ముందుగా కవాయి దీవిలో నిప్పుగుండం తవ్వుకుంది. సముద్రదేవత అయిన అక్క వెంటపడి దాన్ని నీళ్ళతో ఆర్పేసింది. పెలే ఒవాహుకు పారిపోయింది, అక్కణ్ణుంచి మావీకి. చివరికి పెద్ద దీవిలో కిలావియా కొండమీద స్థిరపడింది.

కథే కావచ్చు, దీవుల వరస మాత్రం తప్పలేదు. కవాయి వయసు సుమారు 50 లక్షల ఏళ్ళు. పెద్ద దీవికి 10 లక్షలు కూడా నిండలేదు.

శాస్త్రం ఆ వరసను 1840లో పట్టుకుంది. అమెరికా నౌకాయాత్రతో వచ్చిన జేమ్స్ డ్వైట్ డానా అక్కడి లోయల్ని చూశాడు. వాయవ్యానికి పోయేకొద్దీ వానలు కొండల్ని మరింత లోతుగా కోసేశాయి. అంటే ఆ దీవులు ముసలివి. మరి ఎందుకలా? సముద్రం అడుగున పొడవాటి పగులుందనీ, అందులో మంటలు ఒక్కొక్కటే ఆరిపోయాయనీ అనుకున్నాడు. సముద్రపు అడుగే కదులుతుందని ఆనాటి శాస్త్రానికి తెలియదు మరి!

ఆ కదలికతో దీవుల వరసను 1963లో కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ వివరించాడు. వెలుగుతున్న కొవ్వొత్తి మీదుగా అట్టముక్కను మెల్లగా జరిపితే మసిమచ్చలు వరసగా పడతాయి కదా, ఇదీ అంతే. కింద వేడిచోటు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పైన సముద్రపు అడుగైన పసిఫిక్ ఫలకం ఏడాదికి 7 నుంచి 10 సెంటీమీటర్లు జరుగుతుంది. కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, పొరమీద పొర గడ్డకట్టి, నీళ్ళు దాటితే దీవి. ఫలకం దాన్ని దూరంగా మోసుకుపోయాక పాతచోట ఇంకోటి మొదలవుతుంది. ఈ సంగతి రాసిన ఇంత చక్కటి వ్యాసాన్ని పేరున్న పత్రిక ఒకటి తిప్పి పంపింది!

అదే ఏడాది నవంబరు 14న ఐస్‌లాండ్ జాలరులకు సముద్రంలోంచి పొగ కనిపించింది. 130 మీటర్ల లోతు నుంచి సర్ట్సీ దీవి లేస్తోంది. రెండు ఫలకాలు విడిపోతున్న తావు అది. మరిగే లావాకు చల్లటి నీళ్ళు తగిలితే పేలి బూడిదవుతుంది. బూడిద దీవిని అలలు తినేస్తాయి. 1831లో సిసిలీ దగ్గర అలాంటి దీవే పుడితే నాదంటే నాదని రాజ్యాలు తగువులాడాయి. తగువు తెగకముందే దీవి మునిగిపోయింది! సర్ట్సీ బతకడానికి కారణం, 1964 ఏప్రిల్ నుంచి లావా పారి బూడిదను కప్పేయడం. 1967 జూన్ దాకా మండి 2.7 చదరపు కిలోమీటర్లయింది. అందులో దాదాపు సగాన్ని ఆ తర్వాత అలలు కోసేశాయి.

వట్టి రాతిమీదికి ప్రాణం ఎలా వస్తుందో చూడాలని అక్కడికి శాస్త్రవేత్తల్ని తప్ప ఎవర్నీ రానివ్వరు. ఒకసారి టమాటా మొక్క కనిపించి అందరూ విస్తుపోయారు. ఆరా తీస్తే, వచ్చినవాళ్ళలో ఒకరు బహిర్భూమికి వెళ్ళిన చోట మొలిచిందది. వెంటనే పీకేశారు.